చెయ్యి లేని కార్డు

ఠంగుమని ఒకటి, టకామని ఒకటి. లారీ మడ్‌గార్డు లోపల ఇనప దిమ్మ ఆనించి, పైనుంచి చెక్క సుత్తితో సొట్ట తీస్తున్నాడు జక్కయ్య. పొద్దు ఇంకా ఆటోనగర్ రేకుల షెడ్ల మీదికి పూర్తిగా ఎక్కనేలేదు, అప్పటికే అతని బనీను వీపుకి అతుక్కుపోయింది. మనిషి బీరువాకి తల మొలిచినట్టుంటాడు. కుడి చెవి తమ్మె సగం లేదు. అది ఏ గొడవలో పోయిందో అతనికే గుర్తులేదు. ఇవాళ వింతంతా ఆ చేతుల్లో ఉంది. పసిపిల్లని పొత్తిళ్ళలో చుట్టినట్టు రెండు చేతులకీ పాత చీర పేలికలు చుట్టి ఉన్నాయి. వేళ్ళ కొసలు మాత్రం బయటికి కనిపిస్తున్నాయి.

ఎదుటి టీకొట్టు హనుమయ్య గ్లాసు అందిస్తూ అడిగాడు. "ఏం మేస్త్రీ, చేతులకి జొరవొచ్చిందా?"

"సాయంత్రం దాకా ఇయ్యి నాయి కావు హనుమయ్యా. మా తమ్ముడియ్యి."

ఆ చేతుల కథ తెలియనివాళ్ళు ఆటోనగర్‌లో లేరు. జక్కయ్య గట్టిగా తుమ్మితే పక్క షెడ్డులో బానెట్ సొట్ట దానంతటదే లేచేదని చెప్పుకునేవాళ్ళు. తుమ్మే అంతయితే పిడికిలి సంగతి చెప్పనక్కర్లేదు. స్నేహితుడైన డ్రైవరొకడు ఆ పిడికిలి తిని పటమటలో పడుకుంటే కంకిపాడులో లేచాడట. అయితే జక్కయ్యకి ఒక నియమం ఉంది. పరాయివాళ్ళని కొట్టడు. అయినవాళ్ళనీ స్నేహితుల్నీ మాత్రమే కొడతాడు. కోపం రావాలంటే ముందు ప్రేమ ఉండాలిగదా అంటాడు.

డిసెంబరు వచ్చేసరికి ఆ ప్రేమంతా బయటపడేది. విడి భాగాల కొట్లో పారేసిన అట్టపెట్టెలు తెచ్చి, కత్తిరించి, మధ్యకి మడిచేవాడు. రేకు ముక్కలో నక్షత్రాన్నీ గొర్రెపిల్లనీ కోసి అట్ట మీద ఆనించి, మిగిలిన లారీ రంగు స్ప్రే కొట్టేవాడు. నక్షత్రం నక్షత్రంలాగే వచ్చేది. గొర్రెపిల్ల మాత్రం ఏటా గేదెదూడలా వచ్చేది. చదువు రాదు కనక లోపల రాసేది ఏమీ లేదు. అరచేతికి రంగు పూసుకుని అచ్చు వేసేవాడు. ఏడాదిలో పిడికిలి తిన్న ప్రతివాడికీ క్రిస్మస్ పండక్కి ఆ అరచెయ్యి వెళ్ళేది.

హనుమయ్య తనకొచ్చిన కార్డులన్నీ పొయ్యి పైన వరసగా తగిలించి, వచ్చినవాళ్ళకి ఏ దెబ్బ ఎందుకు పడిందో చెప్పేవాడు. ఒకసారి జక్కయ్య అడ్డమొచ్చిన ఎద్దుని కూడా కొట్టాడు. దానికీ కార్డు వెళ్ళింది. ఎద్దు దాన్ని కళ్ళకద్దుకుని మరీ తిన్నదని చూసినవాళ్ళే చెబుతారు. విడి భాగాల కొట్టు వెంకటప్పయ్య గారికయితే దెబ్బ తినకుండానే కార్డొచ్చింది. అట్టపెట్టెలు ఇచ్చినందుకు పంపాడు జక్కయ్య. ఆయన దాన్ని రాబోయే దెబ్బకి ముందస్తు కబురనుకుని కొట్టు మూసి మంగళగిరిలో అత్తారింటికి పారిపోయాడు. తిరిగొచ్చాక, పండగ పూట కొట్టు మూసినందుకు జక్కయ్య ఆయన్ని నిజంగానే ఒకటి వేశాడు. దాంతో కార్డుకీ దెబ్బకీ సరిపోయింది.

సరిపోనిది ఒక్క సొలొమోను విషయంలోనే.

సొలొమోను జక్కయ్య సొంత తమ్ముడు. గుణదలలో ఉంటాడు. చర్చిలో పాటలు పాడేవాడు. కొన్నేళ్ళ కిందట పండగ ముందురోజు, కొబ్బరిచెట్టు మీద నక్షత్రం కట్టడానికి జక్కయ్య పంచె ఎగ్గట్టుకుంటుంటే, "నీకు ఒళ్ళు బరువయింది అన్నాయ్, నేనెక్కుతాలే" అన్నాడు. అంతే. జక్కయ్య చెయ్యి తిరిగింది. పిడికిలి కూడా కాదు, వట్టి అరచెయ్యి. సొలొమోను తిరిగి, చెట్టుకి గుద్దుకుని, కింద కూర్చుండిపోయాడు. ఎడమ చెవిలోంచి సన్నగా నెత్తురు కారింది. ఆ చెవి మళ్ళీ పలకలేదు. శ్రుతి అందక చర్చిలో పాటలూ మానేశాడు.

ఆ ఏడు తమ్ముడికి ఎర్రరంగుతో అరచెయ్యి అచ్చువేసి పంపాడు జక్కయ్య. కార్డు తిరిగొచ్చింది. రంగు నచ్చలేదేమోననుకుని మరుసటేడు నీలం వేశాడు. అదీ తిరిగొచ్చింది. పసుపూ తిరిగొచ్చింది. చెంప మీద పడిన చేతినే ఏటా బొమ్మేసి పంపుతున్నానని అతనికి తట్టలేదు. చివరికి జక్కయ్య భార్య సంపూర్ణమ్మ వెళ్ళి అడిగితే, సొలొమోను చెప్పిన మాట ఆవిడ ఉన్నదున్నట్టు మోసుకొచ్చింది.

"ఆ చెయ్యి బొమ్మ నాకెందుకు వదినా? చేతినే తీసుకురమ్మను. పండగ ముందురోజు చూస్తాను. వేళ్ళ కణుపుల మీద పచ్చి దెబ్బ ఒక్కటి లేకపోతే లోపలికొచ్చి నాతో అన్నం తినమను. ఉంటే అటునుంచటే పొమ్మను."

అందుకే ఈ డిసెంబరు పుట్టినప్పటినుంచీ జక్కయ్య ఎవరినీ కొట్టలేదు. ఆటోనగర్‌కి బెంగ పట్టుకుంది. వెంకటప్పయ్య గారు దిష్టి తియ్యడానికి నిమ్మకాయలు పంపారు. కొందరు కావాలని తిట్టి చూశారు. జక్కయ్య పళ్ళు కొరికి, ఆ కోపమంతా మడ్‌గార్డు మీద తీర్చుకునేవాడు. రేకు చీరుకుని కణుపు గీరుకుంటుందేమోనని సంపూర్ణమ్మ పేలికలు చుట్టి పంపేది. ఇవాళ ఆఖరి రోజు.

మధ్యాహ్నం పని ఆపి కార్డు చేశాడు. ఈసారి గొర్రెపిల్ల లేదు. ఆకుపచ్చ కొబ్బరిచెట్టు, చివర నక్షత్రం, చెట్టు మీద ఒక పిల్లాడు, కింద మొదలు పట్టుకుని ఇంకో పిల్లాడు. హనుమయ్య తెరిచి చూశాడు.

"లోపల చెయ్యేది మేస్త్రీ?"

"చెయ్యి నాతోనే వస్తందిగా."

మడ్‌గార్డు రంగుతో పాటు కార్డూ ఎండలో ఆరుతుండగా ఆ లారీ డ్రైవరు వచ్చాడు. పై ఊరివాడు, జక్కయ్య ఎవరో తెలియనివాడు. లారీ ఇప్పుడే కావాలన్నాడు. రంగు సాయంత్రానికి గాని ఆరదని జక్కయ్య చెప్పాడు. డ్రైవరు అమ్మని తిట్టి రొమ్ము మీద గుద్దాడు. జక్కయ్య చేతులు వెనక్కి పెట్టుకున్నాడు. షెడ్లలో సుత్తులు ఆగిపోయాయి. రెండో గుద్దుకి పెదవి చిట్లింది. జక్కయ్య నెత్తురు మింగి, మర్యాదగా, "సాయంత్రం రండి" అన్నాడు.

అడ్డమొచ్చిన హనుమయ్యని డ్రైవరు కడుపులో తన్నాడు. కిందపడ్డవాడి మొహాన టీ గ్లాసు పగలగొట్టాడు. కనుబొమ చీలి హనుమయ్య కన్ను నెత్తుటితో నిండిపోయింది. పేలికల లోపల జక్కయ్య పిడికిలి దానంతటదే బిగుసుకుంది, బట్ట పటపటమని చిరిగింది. అతను రెండు చేతుల్నీ చంకల్లో దూర్చుకుని, హనుమయ్య మీద గొడుగులా వంగి కూర్చున్నాడు. డ్రైవరు సీటు కిందనుంచి జాకీ రాడ్డు లాగి, జక్కయ్య చెవి వెనక ఒక్కటి వేశాడు.

రేకు మీద సుత్తి పడ్డట్టే మోగింది.

ఆ తర్వాత ఆటోనగర్ ఆటోనగర్‌లా ఉండలేదు. పానాలూ గొలుసులూ టైరు పట్టీలూ ఏవి అందితే అవి లేచాయి. లారీ అద్దాలు పొడిపొడి అయ్యాయి. డ్రైవరు పళ్ళు కొన్ని డీజిలు మడుగులో పడ్డాయి. వాడు ఒక చెప్పుతో బందరు రోడ్డు పట్టి పరిగెత్తిన పరుగుకి బందరు బస్సు వెనకబడిందని ఇప్పటికీ చెబుతారు.

జక్కయ్య లేచి నిలబడ్డాడు. నిమ్మకాయంత బొప్పి కట్టింది గాని తలనుంచి నెత్తురు చుక్క రాలేదు. నెత్తురు రాలేదు కనక భయం లేదని అందరూ అన్నారు. డాక్టరు దగ్గరికి పద అని హనుమయ్య ఒక్కడే బతిమాలాడు, ఒంటి కన్నుతో ఏడుస్తూ.

"ఒక్కటి వేస్తే పోయేదిగదయ్యా."

"జనవరిలో వేస్తాలే. కార్డు పై ఏడు పంపిద్దాం."

ఇచ్చిన టీ కక్కేసి, తీపి ఎక్కువైందన్నాడు. కిరసనాయిలుతో చేతుల రంగు కడిగి, సబ్బుతో తోమి, కణుపులు ఒక్కొక్కటే ఎండకి పట్టి చూసుకున్నాడు. పాత మచ్చలు తెల్లగా ఉన్నాయి. కొత్త గీత లేదు. కార్డుని రెండు వేళ్ళతో అంచున పట్టుకుని రిక్షా ఎక్కాడు. ఇద్దరు తొక్కుతుంటే బండి ఇంత నెమ్మదేమిటని దారిలో అడిగాడట. రిక్షావాడు నవ్వాడు. తొక్కేది అతనొక్కడే.

గుణదలలో సొలొమోను అరుగు మీద తన ఎడమ చెవి వీధివైపుకి వచ్చేలా కూర్చుని, వెదురుబద్దల నక్షత్రానికి రంగుకాగితం అతికిస్తున్నాడు. లోపలినుంచి తాలింపు వాసన వస్తోంది. జక్కయ్య అరుగు చివర కూర్చుని పక్కన కార్డు పెట్టాడు.

"తమ్ముడూ" అన్నాడు, మెల్లగా. గట్టిగా పిలిస్తే పోట్లాటకి వచ్చాననుకుంటాడని భయం. జన్మలో మెల్లగా మాట్లాడింది అదే మొదలు. అది సొలొమోను ఎడమ చెవి వైపు. ఇంకోసారి పిలిచాడు. పోనీ, అతికించడం అవనీలే అనుకున్నాడు. స్తంభానికి ఆనుకుని, అడగగానే చూపించడానికి వీలుగా, రెండు చేతులూ కణుపులు పైకి వచ్చేలా మోకాళ్ళ మీద పెట్టుకున్నాడు.

జిగురు ముంత కోసం తిరిగిన సొలొమోనుకి అన్న కనిపించాడు. మొహం చూడలేదు. ముందు చేతులు చూశాడు. దగ్గరికి జరిగి, వంగి, ఒక్కొక్క కణుపూ వేలితో తడిమి చూశాడు. చాలాసేపు చూశాడు.

"లే అన్నాయ్. అన్నం చల్లారిపోద్ది."

చెయ్యి పట్టుకుని లాగాడు. చెయ్యి వచ్చింది. మనిషి రాలేదు.

సొలొమోను ఆ చేతిని వదల్లేదు. అరచెయ్యి విప్పి తన ఎడమ చెంపకి ఆనించుకుని, అలాగే కూర్చున్నాడు.

వాళ్ళిద్దరి మధ్యా అరుగు మీద కార్డు గాలికి తెరుచుకుంది. పైన కొబ్బరిచెట్టు ఆకుపచ్చ ఇంకా తడిగానే ఉంది. లోపల ఉత్త అట్ట.