అందరి ఫోను

తలుపు గడియ పడిందో లేదోనని పక్క మీది నుంచి లేచి వెళ్ళి చూసొస్తే మా ఆయన అంటారు, "మనింట్లో భయపడే డ్యూటీ నీ ఒక్కదానికే ఇచ్చాం. అందుకే మిగతావాళ్ళం హాయిగా నిద్రపోతున్నాం." అత్తయ్య నవ్వుతుంది. నేనూ నవ్వుతాను. గ్యాసు కట్టేశానా, అమ్మాయి హాస్టలుకి చేరిందా, ట్యాంకు పొంగుతోందా, ఇవన్నీ ఎవరో ఒకరు పట్టించుకోవాలి కదా. అంట్లు తోమితే తళతళలాడుతూ కనబడతాయి. భయపడి ఆపిన ప్రమాదాలు ఎవరికీ కనబడవు.

ఇన్నిటికి భయపడేదాన్ని, ఫోను లాక్కుపోతారని మాత్రం ఏనాడూ అనుకోలేదు. బట్టల ఫ్యాక్టరీలో కాజాలు కుట్టే పని నాది. పని దిగి బస్సు కోసం నిలబడి అమ్మాయితో మాట్లాడుతున్నాను. చెవి పక్కన గాలి కొట్టినట్టయింది. చేయి ఇంకా చెవి దగ్గరే ఉంది, అందులో ఫోను లేదు. బండి మీద ఇద్దరు మలుపు తిరిగిపోయారు. పక్కన టీ కొట్టాయన తీరిగ్గా అన్నాడు, "రోడ్డు వైపు చెవిన పెట్టుకుని మాట్లాడతారా అమ్మా ఎవరైనా? గోడ వైపు తిరగాలి." ఇంటికొస్తే మా ఆయన, "నీ చేతికేదిచ్చినా ఇంతే" అన్నారు.

నా ఫోనుకి తాళం లేదు. ఒకసారి పెట్టుకున్నాను. అత్తయ్య సీరియల్ చూడబోతే తెరుచుకోలేదు. "కోడలికి దాపరికాలు మొదలయ్యాయి" అంది. "మొగుడూ పెళ్ళాల మధ్య తాళాలేంటే" అంటూ ఆయన నవ్వుతూనే తీసేశారు. ఆయన ఫోను మాత్రం ఆయన వేలు పెడితేనే తెరుచుకుంటుంది. ఆఫీసు సంగతులుంటాయట. అత్తయ్య సీరియళ్ళు, ఆయన బ్యాంకు మెసేజీలు, కరెంటు బిల్లు, అన్నీ నా ఫోనులోనే. పైగా నాకు నంబర్ల పక్కన పేర్లు రాసుకునే అలవాటు లేదు. ఆయన, అత్తయ్య, అమ్మాయి, సూపర్‌వైజరు. మా ఇంటి చుట్టరికాలన్నీ దొంగకి నేనే విడమరిచి చెప్పినట్టయింది.

కాసేపటికే అమ్మాయి వాళ్ళ నాన్నకి ఫోను చేసింది. "అమ్మ పేరుతో మెసేజీ వచ్చింది నాన్నా. నీకో నంబరు వస్తుంది, వెంటనే పంపు అని. తిన్నావా అని అడక్కుండా అమ్మ ఏమీ రాయదు. అందుకే అనుమానమొచ్చింది." ఆ పిల్లే బ్యాంకుకి చెప్పింది, సిమ్ము ఆపించింది. గండం గడిచిందనుకున్నాం.

మర్నాడు సాయంత్రం నేను కూరగాయలు తరుగుతుంటే ఆయన ఫోను మోగింది. స్పీకర్లో మగగొంతు, ఎంతో మర్యాదగా. "సార్, మేడంగారి ఫోటోలు మా దగ్గరున్నాయి. కొంచెం ప్రైవేటువి. మేమడిగిన డబ్బు అకౌంటులో వేసేయండి. లేకపోతే అత్తయ్యతో మొదలుపెట్టి, సూపర్‌వైజరుదాకా పంపుతాం. గంటలో మళ్ళీ చేస్తాను."

అత్తయ్య టీవీ శబ్దం తగ్గించింది. ఆయన నా వైపు తిరిగారు. ఇరవై ఏళ్ళుగా ఎరిగిన మనిషి కళ్ళు కావవి. "ఏం ఫోటోలు?"

స్నానాల గదిలో తలుపు వేసుకుని, ఒక చేత్తో ఫోను పట్టుకుని తీసుకున్న ఫోటోలు. ఎడమ రొమ్ము కింద గడ్డ తగిలింది, పైన చర్మం సొట్టపడింది. ఆ సంగతి మొట్టమొదట చెప్పింది ఆయనకే. ఒకసారి చూడండి అన్నాను. "నేనేమన్నా డాక్టర్నా? నీకు తలనొప్పొస్తే మెదడులో పురుగంటావు" అన్నారు, టీవీ మీంచి కళ్ళు తిప్పకుండా. పూట సెలవడిగితే సూపర్‌వైజరు, "మీ ఆడవాళ్ళకి నెలనెలా ఏదో ఒకటి" అన్నాడు. చివరికి అమ్మాయి ఒక డాక్టరమ్మని వెతికి, ముందు ఫోటోలు పంపమంది. పరీక్షకి త్వరగా రండి, తోడు ఎవరినైనా తెచ్చుకోండి అని డాక్టరమ్మ జవాబిచ్చింది. ఆ తోడు కోసమే ఇన్నాళ్ళూ ఆగాను.

ఇదంతా చెబుదామని నోరు తెరిచేలోపే, "పరువు తీశావు" అన్నారాయన. "వాడడిగింది పడేస్తాను. స్టేషనుకి వెళ్ళామా, ఆ బొమ్మలు వాళ్ళూ చూస్తారు. ఇక దీని గురించి మాట్లాడకు." అత్తయ్య గోడవైపు చూస్తూ, "తాళం వద్దన్నది ఇందుకే" అంది. పక్కింటావిడ ఫోనులోంచి అమ్మాయికి చెబితే ఒకటే మాట, "ఇవ్వకండమ్మా. ఒకసారి ఇస్తే వాడికి మనిల్లు అలవాటవుతుంది. వెళ్ళి కంప్లయింటు ఇవ్వు. నువ్వు తప్పు చేయలేదు."

తప్పు చేయలేదని నాకూ తెలుసు. తెలిస్తే భయం ఆగుతుందా? అత్తయ్య సీరియల్ చూసే చోటే నా ఒళ్ళు కనబడుతున్నట్టూ, ప్యాకింగు సెక్షన్లో చేతులు మారుతున్నట్టూ, సూపర్‌వైజరు నన్ను పిలిచి నవ్వుతున్నట్టూ అనిపించింది. అమ్మాయి పెళ్ళిచూపులదాకా వెళ్ళిపోయింది నా ఊహ. అన్నిటికంటే లోపల ఇంకో భయముంది. నేను గడ్డ మాట మరిచి ఫోటో గురించి ఏడుస్తున్నాను. నన్ను చంపగలిగేది ఫోటో కాదు.

ఫోను మళ్ళీ మోగింది. డబ్బు పంపడానికి సిద్ధంగా కూర్చున్న ఆయన ఎత్తబోయారు. ముందు నేనెత్తాను. చెప్పుల్లో కాళ్ళు పెట్టుకుంటూ మాట్లాడాను.

"అది నా రొమ్ములో గడ్డ బాబూ. మా అమ్మాయి చూసింది, డాక్టరమ్మ చూసింది. ఇప్పుడు స్టేషనుకి వెళ్తున్నాను, వాళ్ళకీ చెబుతాను. రేపు ఆస్పత్రికి వెళ్తాను. నువ్వు పంపేదైతే మొదట ఈ నంబరుకే పంపు. చూడమని నేను బతిమాలినా చూడనిది ఈయనొక్కరే."