సాక్ష్యానికొచ్చిన సోఫా

రోజూ పొద్దున్నే నిగిస్తి కాఫీ గింజలు వేయించడం మొదలుపెట్టగానే సోఫా మెల్లగా కిటికీ దగ్గరికి జరిగేది. ఇంగ్లండ్‌లో, అదీ లీడ్స్‌లో ఎండ ఎంతసేపుంటుంది గనక! ఆ కాస్తా దక్కించుకోవాలని దాని తాపత్రయం. దాని మీద పడుకున్న తిర్హాస్ కూడా కిటికీ దగ్గరే కళ్లు తెరిచేది. నిగిస్తి వాళ్ల దేశం ఎరిత్రియా నుంచే ప్రాణాలు దక్కించుకుని వచ్చి, ఆశ్రయం కోసం అర్జీ పెట్టుకున్న పిల్ల. ఏడు నెలలుగా ఆ సోఫాయే దిక్కు.

తిర్హాస్‌కి ప్రభుత్వం గది ఇవ్వాలంటే, ఇక ఉంచుకోలేనని నిగిస్తి రాసివ్వాలి. రాయబోతే చెయ్యి రాలేదు. ఇంటికొచ్చిన మనిషిని పొమ్మని కాగితం మీద పెట్టడమా? ఊళ్లో అమ్మ వింటే ఇంకేమైనా ఉందా! చివరికి "నా ఇల్లు ఆమె ఇల్లే, ఎన్నాళ్లైనా ఉండొచ్చు" అని రాసి, మురిసిపోతూ సంతకం పెట్టింది. ఇంకేం, ఉండడానికి చోటుందిగా అని గది అర్జీ కొట్టేశారు.

ఆ వెంటనే ఇంటి ఓనరు నోటీసు పంపాడు. నెలాఖరు శుక్రవారంలోగా ఆ అమ్మాయి వెళ్లకపోతే నిగిస్తి కూడా ఖాళీ చేయాలి. తిర్హాస్ చూస్తే ఆ పూటే తనంతట తానే వెళ్లిపోయి వీధిన పడుతుందని, నిగిస్తి ఆ కాగితాన్ని సోఫా చిరుగులో కుక్కేసింది.

గది కోసం తిర్హాస్ వేసిన అప్పీలు విచారణ ఆ శుక్రవారానికి రెండు రోజుల ముందు వచ్చింది.

"ఎన్నాళ్లైనా ఉండొచ్చని మీరే రాశారు. నిజమేనా?" అన్నారు జడ్జిగారు.

పక్కనే తిర్హాస్. ఆమె వింటుండగా నోటీసు సంగతి ఎలా చెప్పడం? చెప్పవే మొద్దూ, చెప్పు, అని నిగిస్తి తనను తాను తిట్టుకుంది.

ధన్‌మని తలుపు తెరుచుకుంది. వానలో తడిసి ముద్దయిన సోఫా రొప్పుకుంటూ లోపలికొచ్చింది.

"సాక్షా?" అడిగాడు గుమాస్తా.

"మా సోఫా అండీ," అంది నిగిస్తి.

"ముందే రావాలి కదమ్మా," అని విసుక్కుంటూ రాసుకున్నాడు.

సోఫా తిన్నగా జడ్జిగారి ముందుకెళ్లి ఒళ్లు విదిలించింది. రెండు గుండీలు, ఓ దువ్వెన, వాటి వెనకే మడతలుపడ్డ నోటీసు!

జడ్జిగారు రెండుసార్లు చదివారు. "ఇది ముందే ఎందుకు చూపించలేదు?"

"అతిథి ముందర ఎలా చూపిస్తానండీ!"

"అక్కా! ఇన్నాళ్లూ దీని మీదే పడుకున్నానా నేను?" తిర్హాస్ ఏడుస్తూ, నవ్వుతూ ఆమెను వాటేసుకుంది.

తీర్పు అక్కడికక్కడే వచ్చింది. గది ఇవ్వాల్సిందే!

శుక్రవారం తిర్హాస్ తాళం తీసి, కొత్త గది గడపలో నిలబడి చేతులు చాచింది.

"రా అక్కా! నా ఇల్లు నీ ఇల్లే, ఎన్నాళ్లైనా ఉండు."

"ఉంటాలే," అంది నిగిస్తి కళ్లు తుడుచుకుంటూ. "ఆ మాట మాత్రం ఎక్కడా రాయకే తల్లీ!"