అత్తగారికి చదివిన జపాన్ కథలు

"ఆ పుస్తకాల్లో ఏముంటుంది? ఒకావిడ కిటికీ దగ్గర కూర్చుని వాన చూస్తూ ఉంటుంది. అంతేగా," అన్నాడు భర్త, ఇస్త్రీ అవుతున్న చొక్కా కోసం చెయ్యి చాచి.

ఆమె కాలర్ తిరగేసి ఇంకోసారి ఒత్తింది. ఆయన అన్నదాంట్లో తప్పేమీ లేదు. ఆ జపాన్ నవలల్లో నిజంగానే పెద్దగా ఏమీ జరగదు. ఒకావిడ వండుతుంది, మొగుడి బట్టలు తీసి పెడుతుంది, వాన చూస్తుంది, పుస్తకం అయిపోతుంది. ఏమీ జరగకుండా అన్ని పేజీలు ఎలా నిండాయా అని మొదట్లో ఆమె కూడా ఆశ్చర్యపోయింది. తరవాత తన రోజుల్ని తలుచుకుని ఆ ఆశ్చర్యం మానేసింది.

అసలు మాట ఇంకా చెప్పలేదు. రేపు ఆదివారం మధ్యాహ్నం లైబ్రరీలో ఆమె ఒక గంట మాట్లాడాలి. జపాన్ సాహిత్యం కొత్తగా చదవాలనుకునేవాళ్ళు దేనితో మొదలుపెట్టాలో చెప్పాలి. లైబ్రేరియన్ అడిగి చాలా రోజులైంది. చెప్పడానికి ఇస్త్రీ వేళే దొరికింది, ఎందుకంటే చొక్కా చేతికొచ్చేదాకా ఆయన కదలడు.

చెప్పింది. ఆయన నవ్వాడు. కోపంగా కాదు, టీవీలో ఏదో చూసి నవ్వినట్టు. "నువ్వా? ఇంట్లోనే నీ గొంతు వినబడదు," అన్నాడు. డబ్బులిస్తారా అని అడిగాడు. లేదంది. మరెందుకూ అన్నాడు. డబ్బులివ్వని పని చెయ్యకూడదనుకుంటే ఈ ఇంట్లో పొద్దున్నే పొయ్యి వెలగదు కదా అని ఆమెకి తోచింది గానీ, తోచినవన్నీ అనడం ఆమెకి అలవాటు లేదు. రేపు తన చెల్లెలూ బావగారూ భోజనానికి వస్తారని, సాయంత్రం దాకా ఉంటారని ఆయన గుర్తుచేశాడు. "మధ్యలో నువ్వెళ్ళిపోతే టీ ఎవరు పెడతారు? ఇంకో వారం పెట్టుకోమను."

"సరే," అంది. సరే అనడం ఆమెకి రెప్ప వేయడంలాంటిది. అనేశాక గానీ అన్నట్టు తెలియదు. ఇస్త్రీ పెట్టె పక్కకి జరుపుతూ ఉంటే వేలు దాని అంచుకి ఆనుకుని ఉండిపోయింది. చర్మం తెల్లబడటం ముందు కళ్ళకి కనిపించింది. నొప్పి ఏమైనా ఉందా అని కాసేపు చూసింది. ఏమీ లేదు. చొక్కా అందించింది.

కొన్నేళ్ళుగా అంతే. ప్రార్థనకి నిలబడినా ఏమడగాలో తోచక, అందరూ బాగుండాలి అనేసి వచ్చేది. ఆ అందరిలో తనుందో లేదో ఆమే అడగలేదు, దేవుడూ చెప్పలేదు.

ఈ పుస్తకాలు ఇంట్లోకి వచ్చింది అత్తగారి వల్ల. ఆవిడకి చూపు తగ్గింది. రోజూ మధ్యాహ్నం కోడలు పక్కన కూర్చుని భక్తి పుస్తకాలు చదివి వినిపించేది. ఇంట్లో ఉన్నవన్నీ అయిపోయి, మళ్ళీ మొదటికి వచ్చి, మళ్ళీ అయిపోయాయి. ఒకరోజు అత్తగారు, "ఇంకేదైనా చదవమ్మా. ఆయనకీ కాస్త విశ్రాంతి ఇద్దాం," అని పైకి చూపించింది. లైబ్రరీకి వెళ్తే లైబ్రేరియన్ జపాన్ నుంచి అనువాదమైన లావుపాటి నవల చేతిలో పెట్టింది. అది పప్పులో కాలేయడమే అయింది. రెండో రోజుకే అత్తగారు చేతులెత్తేసింది. "ఈ పేర్లన్నీ ఒకేలా ఉన్నాయి తల్లీ. ఎవరు ఎవరి మొగుడో తెలియక చస్తున్నాను."

అప్పటినుంచి ఆమె లావుపాటివి పక్కన పెట్టి సన్నటివి తెచ్చింది. యుద్ధాలవీ రాజులవీ మానేసి, ఒక ఇల్లు, ఒక వంటగది ఉన్నవి ఏరుకుంది. పేర్లు తీసేసింది. అత్త అనీ కోడలనీ పెద్దబ్బాయి అనీ చదివింది. ఊళ్ళ పేర్లు కూడా వదిలేసింది. కథ నీళ్ళలా సాగిపోయింది. ఇదే కిటుకు లైబ్రరీలో ఎవరో అడిగితే చెప్పింది, ఆ తరవాత ఇంకెవరో అడిగారు. ఆదివారం మాట అలా పుట్టింది.

ఆ శనివారం, భర్త చొక్కా వేసుకుని వెళ్ళాక, మధ్యాహ్నం చదివిన నవలలో కోడలు అందరూ బయటికి వెళ్ళాక ఇంటికి తాళం వేసి స్టేషన్‌కి వెళ్తుంది. బెంచీ మీద కూర్చుంటుంది. రైళ్ళు వస్తాయి, పోతాయి. ఏదీ ఎక్కదు. తిరిగొచ్చి వంట చేస్తుంది. మర్నాడూ అంతే. అంతా విని అత్తగారు, "ఆ అత్తకి తెలియదా?" అని అడిగింది.

"తెలియదత్తయ్యా."

"తెలిసే ఉంటుంది. చెప్పి ఉండదు."

సాయంత్రం భర్త వచ్చి కూర్చున్నాడో లేదో, ఆవిడ గది గుమ్మంలోంచే మొదలుపెట్టింది. "ఒరే, నీ పెళ్ళాం రోజూ స్టేషన్‌కి వెళ్ళి కూర్చుని వస్తోంది. ఎందుకెళ్తోందో ఒక్కసారైనా అడిగావా?"

టీ గ్లాసు ఆయన చేతిలోనే ఆగిపోయింది. తల తిప్పి ఆమె వైపు చూశాడు. మొహంలోకి చూశాడు. గుమ్మం పక్కన ఆమె చెప్పులు చూశాడు. మళ్ళీ మొహంలోకి చూశాడు. ఆ చూపులో భయం ఉంది. పెళ్ళయిన ఇన్నేళ్ళలో తను అక్కడ ఉందో లేదో అని ఆయన వెతుక్కోవడం ఆమె మొదటిసారి చూసింది. ఇంకాసేపు చూడనివ్వాలనిపించింది కూడా.

"ఏ స్టేషన్? ఎందుకు?" అన్నాడు.

"అది పుస్తకంలోదండీ. మధ్యాహ్నం చదివింది," అంది.

"పుస్తకమేనా, హమ్మయ్య," అని ఆయన నవ్వి, టీ తాగి, రిమోట్ అందుకున్నాడు. అంతే. మొహం టీవీ వైపు తిరిగిపోయింది. అమ్మకి మతి తప్పుతోందని నెమ్మదిగా అన్నాడు.

అత్తగారికి చెవులు బాగానే పనిచేస్తాయి. "పుస్తకమైతే అన్నీ మనింట్లోవే ఎందుకున్నాయిరా?" అని అడిగింది. ఆయన టీవీ శబ్దం పెంచాడు.

ఆమె గ్లాసు కడుగుతూ ఉండిపోయింది. కథలో ఆవిడ కూర్చుందంటే ఆయనకి భయం లేదు. తను కూర్చుంటే భయం. కానీ తను కూర్చోదని ఆయనకి తెలుసు.

ఆదివారం ఆడపడుచు వాళ్ళు వచ్చారు. ఆమె వండింది, వడ్డించింది, అందరూ తిన్నాక తనూ తింది. ఆ తరవాత సింకు నిండా గిన్నెలు అలాగే వదిలేసి, చేతులు కడుక్కుని, చీర మార్చుకుని, పుస్తకం తీసుకుని బయటికి వచ్చింది. భర్తా, ఆడపడుచు మొగుడూ కునుకు తీస్తున్నారు. ఆడపడుచు సోఫాలోంచి తలెత్తి, "వదినా, ఎక్కడికి? మరి టీ?" అంది.

"పాలు ఫ్రిజ్‌లో ఉన్నాయి," అంది ఆమె.

వీధి గుమ్మం పక్క కుర్చీలో అత్తగారు కూర్చుని ఉంది. చెప్పుల చప్పుడు విని, "స్టేషన్‌కేనా?" అంది.

"కాదత్తయ్యా. లైబ్రరీకి."

"ఒకవేళ రైలెక్కితే ఆ పుస్తకం లైబ్రరీలో ఇచ్చి వెళ్ళు. మిగతాది ఎవరిచేతైనా చదివించుకుంటాను." ఆవిడ నవ్వలేదు. చెయ్యి చాచి, గాలిలో వెతికి, కోడలి మణికట్టు ఒకసారి పట్టుకుని వదిలేసింది.

లైబ్రరీలో ఫ్యాన్ కింద ప్లాస్టిక్ కుర్చీలు. రిటైరైన పోస్ట్‌మ్యాన్, ఒక నర్సు, ఇంకొందరు. చెప్పాలనుకున్నవి ఒక్కొక్కటీ చెప్పింది. సన్నటి పుస్తకంతో మొదలుపెట్టండి. ఏమీ జరగట్లేదని మధ్యలో మూసేయకండి, అలాంటి చోటే ఇంకా నిదానంగా చదవండి. గొంతు మొదట్లో వణికింది, తరవాత వణకడం మర్చిపోయింది.

"ఆ పేర్లే మాకు నోరు తిరగవమ్మా," అన్నాడు పోస్ట్‌మ్యాన్.

"పేర్లు తీసేయండి. అత్త, కోడలు, కొడుకు అనుకుని చదవండి. అప్పుడు అది ఎవరిల్లో తెలిసిపోతుంది."

"ఎవరిల్లు?" అంది నర్సు.

ఆమె పుస్తకం ఇటు నుంచి అటు మార్చుకుంది. అట్ట అంచు వేలి మీది బొబ్బకి గుచ్చుకుంది. ప్రాణం జివ్వుమంది. నిన్నటి నుంచీ అక్కడే ఉన్న నొప్పి అది.

"మా ఇల్లు," అంది.