పెట్టె చెప్పిన మాట

నేను ఒక ఇస్త్రీ పెట్టెను. కరెంటుతో వేడెక్కే ఈ కాలపు సుకుమారిని కాను, బొగ్గులు తిని బతికే పాతరకాన్ని. బరువు ఏడు కిలోలు. నా మూతకు గొళ్లెంగా ఒక చిన్న కోడిపుంజు బొమ్మ ఉంది. దాని ముక్కు ఎప్పుడో విరిగిపోయింది, అయినా పిల్లలెవరు వచ్చినా ముందు దాన్నే పట్టుకుంటారు. మనుషులు తమ ముడతలన్నీ బట్టల్లోనే ఉన్నాయనుకుంటారు. నాతో వాటిని తీయించుకుని, ఆ వెచ్చటి చొక్కా తొడుక్కుని ధీమాగా వీధిలోకి నడుస్తారు. ఆ ధీమాను చూసి నవ్వుకోవడమే నాకున్న కాలక్షేపం. నాకు నోరుంది గానీ అది బొగ్గులు వేయించుకోవడానికే, మాట్లాడటానికి కాదు. అయినా నేను ఒకసారి మాట్లాడానని ఒక కుటుంబం ఈనాటికీ నమ్ముతోంది. వాళ్ల జీవితమే ఆ నమ్మకం మీద మలుపు తిరిగింది. నేను ఏమీ చెప్పలేదని చెప్పుకోవడానికే ఈ కథంతా.

నన్ను పోతపోసినవాడి మొహం నాకు గుర్తులేదు. ఇసుక అచ్చులో కాగుతున్న లోహంగా దిగాను, చల్లారేసరికి పెట్టెనయ్యాను. నన్ను ఒక జాతరలో పెంటయ్య అనే చాకలి కొన్నాడు. వాళ్లది నాగర్‌కర్నూల్ దగ్గర ఒక ఊరు. కొన్న రోజే అతని భార్య బాలమ్మ నాకు పసుపు రాసి, కుంకుమ పెట్టి, ఇక నుంచి ఈ ఇంటికి అన్నం పెట్టేది ఇదేనంది. ఆ ఇంట్లో నాకో మర్యాద ఉండేది. నన్ను కాలితో తాకేవాళ్లు కాదు. అమావాస్య నాడు నాకు సెలవు, నాలో నిప్పు వేసేవాళ్లు కాదు. అంత గౌరవం చూసి పొంగిపోయేదాన్ని. గౌరవం ఎక్కువైన చోట మన మీద వేసే నిందలు కూడా ఎక్కువగా ఉంటాయని అప్పటికి నాకు తెలియదు.

బాలమ్మకు ముందు ఒక కూతురు, తర్వాత ఒక కొడుకు. కూతురు పేరు చంద్రి. నాలుగో తరగతి చదివేది. పలక మీద రాసింది చెరపడానికి కూడా మనసొప్పేది కాదు, అంత పొందికగా రాసేది. వానలు లేని ఏడాది బాలమ్మకు మళ్లీ నెల తప్పింది. ముగ్గురిని సాకగలమా అని మొగుడూ పెళ్లాలు నా ముందు నాలుగు రోజులు మాట్లాడుకున్నారు. ఐదో రోజు మాటలు మానేశారు. పేదవాళ్ల ఇళ్లలో చాలా నిర్ణయాలు అట్లాగే జరుగుతాయి. మూడోవాడు పుట్టాడు. కుర్మయ్య అని పేరు పెట్టారు. బాలింత లేచేదాకా తమ్ముణ్ణి ఎత్తుకోవడానికి పది రోజులు బడి మానెయ్యమన్నారు చంద్రిని. ఆ పది రోజులు ఇంకా అయిపోలేదు. తమ్ముడు నడిచేసరికి ఆ పిల్ల చేతికి నన్ను ఇచ్చారు. ఆమె ఎడమ ముంజేతి మీద నా మొన ఒకసారి తగిలి మచ్చ పడింది. ఆ రోజు ఆమె ఏడవలేదు, నా మీద నీళ్లు చిలకరించి పని చేసుకుంది. ఆ చుయ్యిమన్న చప్పుడు నాకు ఇంకా వినిపిస్తుంది.

కుర్మయ్య మంచివాడు. పెద్దయ్యాక అక్క అంటే ప్రాణం పెట్టేవాడు. ఎవరైనా అక్క ఎంత చదివిందని అడిగితే, "అక్కకు సదువు అబ్బలే" అనేవాడు. అబద్ధమాడాలని కాదు, అతనికి అంతే తెలుసు. ఆమె చదువు ఎక్కడికి పోయిందో, ఆమె కాక, తెలిసినవాళ్లలో ఇప్పుడు మిగిలింది నేనొక్కదాన్నే. అతను పట్నం బయలుదేరిన రోజు చంద్రి నన్ను కడిగి, బొట్టుపెట్టి, తమ్ముడి చేతిలో పెట్టింది.

హైదరాబాదులో ఐదంతస్తుల అపార్టుమెంటుకు కుర్మయ్య వాచ్‌మన్ అయ్యాడు. సెల్లార్‌లో మెట్ల కింద గది వాళ్లది. అద్దె లేదు. అతను కార్లు కడిగి మోటారు వేస్తే, అతని భార్య మణెమ్మ లిఫ్టు పక్కన బల్ల వేసుకుని నాతో ఇస్త్రీ చేసేది. వాళ్లకూ ఒక కూతురు, ఒక కొడుకు. కూతురు భవాని ఐదో తరగతి, సందు చివర బడిలోనే. సాయంత్రం వచ్చాక నా బల్ల కింద కూర్చుని పాఠాలు పైకి చదివేది, పైన మణెమ్మ ఒక్కో చొక్కా మడత పెడుతూ ఊఁ కొట్టేది. మణెమ్మకు అక్షరం ముక్క రాదు. అయినా పిల్ల ఎక్కడ తడబడినా చెయ్యి ఆపి, మళ్లీ చదవమనేది. ఆ బల్ల దగ్గర నా బరువు నాకే తెలిసేది కాదు.

ఆ గదికి ఒక షరతు ఉంది. అంతకుముందున్న వాచ్‌మన్‌కు నలుగురు పిల్లలట. వాళ్లలో ఒకడు లిఫ్టులో ఇరుక్కుని పెద్ద గొడవైందట. అప్పట్నుంచి వాచ్‌మన్ కుటుంబం నలుగురికి మించకూడదని అసోసియేషన్ వాళ్లు పుస్తకంలో రాసుకున్నారు. సెక్రెటరీ రంగనాథం గారు ఆ సంగతి మొదటి రోజే మెత్తగా చెప్పారు. ఆయన చెడ్డమనిషి కాదు. పాత దుప్పట్లు ఇచ్చేవారు, భవానికి ఏటా యూనిఫాం కుట్టించేవారు. చొక్కాలు ఇవ్వడానికి వచ్చినప్పుడల్లా తాము ఏడుగురు అన్నదమ్ములమనీ, తాను ఆరోవాణ్ణనీ, ఆ ఇంటి సందడే వేరనీ మురిసిపోతూ చెప్పేవారు. మణెమ్మ తలూపి ఆయన కాలర్ ఇస్త్రీ చేసేది.

ఒక వేసవిలో మణెమ్మకు నెల తప్పింది. ఆ సంగతి ఆమె మొగుడికంటే ముందు నాకే తెలిసింది. బల్ల మీద నన్ను ముందుకు తోసేటప్పుడు ఒళ్లు బల్లకు ఆనకుండా వెనక్కి జరిగి నిలబడటం మొదలుపెట్టింది. నాలుగు బట్టలకోసారి నన్ను దించి కళ్లు మూసుకునేది. ఇంకో వారానికి చీర మీద కుర్మయ్య పాత చొక్కా తొడుక్కుంది. ఎండకనుకున్నారు అందరూ. నాకు మాత్రం బొగ్గులు లేకుండానే ఒళ్లు కాగింది. ఈ తోవ నేను ఒకసారి నడిచి వచ్చాను. దాని చివర ఎవరు నిలబడి ఉంటారో నాకు తెలుసు.

ఒక మధ్యాహ్నం పిల్లలు బడిలో ఉండగా కుర్మయ్య నా బల్ల దగ్గర స్టూలు మీద కూర్చున్నాడు. గది పోతే కిరాయికి పోవాలి. కిరాయి కట్టాలంటే ఊరి చివరకు పోవాలి. అక్కడికి పోతే ఈ గిరాకీ ఉండదు, ఈ బడి ఉండదు. ఇవన్నీ అతను ఒకటికి రెండుసార్లు చెప్పాడు. మణెమ్మ రంగనాథం గారి ప్యాంటు గీత సరిచేస్తూ వింది.

"ఇద్దరిని మంచిగ సాకుదాం మణెమ్మా. మూడోది మనతోని గాదు," అన్నాడు చివరకు.

మూడో బిడ్డగా పుట్టినవాడు అన్న మాట అది. నేను కణకణలాడుతూ విన్నాను. నీవు మూడోవాడివి కుర్మయ్యా అని అరవాలనిపించింది. వెంటనే ఇంకోటి తోచింది. అరిస్తే ఏ పక్కన అరవాలి? మూడోవాడు వద్దంటే ఈ మంచి మనిషి లేడు. కావాలంటే చంద్రి పలక గుర్తుకొస్తోంది. మాట్లాడే నోరు లేకపోవడం ఆ రోజు నాకు మేలే అనిపించింది.

మణెమ్మకు ఆ బిడ్డ కావాలి. చొక్కా మీద నుంచే పొట్ట తడుముకునే తీరులో అది తెలుస్తూనే ఉంది. భవాని బడి కూడా కావాలి. రెండూ ఒక్కచేతితో పట్టుకోలేనని తెలిసి, "సరే. తెచ్చియ్యి," అంది.

దవాఖానకు పోతే నలుగురికీ తెలుస్తుందని భయపడి, కుర్మయ్య మందుల దుకాణంలో తెలిసినవాడి దగ్గర గుట్టుగా గోలీలు తెచ్చాడు. ఆ రోజు అమావాస్య. బడికి సెలవు కావడంతో పిల్లలు ఇంట్లోనే ఉన్నారు. మరునాడు వాళ్లు బడికి పోయాక వేసుకుంటానని చెప్పి, వాళ్ల చేతికి అందకుండా మణెమ్మ ఆ పొట్లం దాచడానికి చోటు వెతికింది. ఆ గదిలో గొళ్లెమున్నది నా ఒక్కదానికే. పైగా ఆ రోజు నాలో నిప్పు వేయరు. కోడిపుంజును తిప్పి, మూత ఎత్తి, పొట్లం నా కడుపులో పెట్టి మూసింది. నా కడుపులో అంత చల్లటి వస్తువు ఎప్పుడూ పడలేదు. ఆ పగలంతా అది కదలకుండా ఉంది. భవాని వచ్చి కోడిపుంజును పట్టుకుని ఆడినప్పుడల్లా మణెమ్మ ఉలిక్కిపడి పిల్లను దూరం పంపింది.

మరునాడు పొద్దున మణెమ్మ పిల్లలను బడికి దింపడానికి వెళ్లింది. దగ్గరే అయినా ఆ రోజు తనే వెళ్లింది. వాడిపోయిన ఆమె మొహం కుర్మయ్య చూశాడు. ఇవాళైనా కాస్త కూర్చుంటుంది, పని తేలిక చేద్దామనుకున్నాడు. ఏళ్లుగా నన్ను ముట్టనివాడు, ఆ రోజు ప్రేమకొద్దీ నా మూత ఎత్తాడు. లోపలికి చూశాడా అంటే చూడలేదు. అతని కళ్లు గేటు వైపు ఉన్నాయి. బొగ్గులు పోశాడు, నాలుగు చుక్కల కిరోసిన్ చల్లాడు, అగ్గిపుల్ల గీశాడు. మొదట కాగితం అంటుకుంది, తర్వాత ఏదో చేదు పొగ లేచింది. బొగ్గుల్లో చెత్త ఉందేమోనని అతను విసనకర్ర తీసుకుని బాగా విసిరాడు.

మణెమ్మ వచ్చి చూసి అక్కడే నిలబడిపోయింది. సంగతి తెలిశాక కుర్మయ్య మూత ఎత్తి బొగ్గుల్లో వేలు పెట్టబోయాడు. ఆమె అతని చెయ్యి పట్టుకుంది.

"పెట్టె మింగింది," అంది మెల్లగా. "అన్నం పెట్టే పెట్టె. అదే వద్దన్నది. ఇగ మనం గోలీల మాట తియ్యొద్దు."

కుర్మయ్య నా ముందు రెండు చేతులూ జోడించాడు. అతని కళ్లలో నీళ్లు తిరిగాయి. అతనికీ ఎక్కడో ఆ మాటే కావాలి కాబోలు. ఇంకో పొట్లం దొరకక కాదు, డాక్టరు లేక కాదు. తామిద్దరూ చెప్పుకోలేని మాటను నా నోట్లో పెట్టి, నేను చెప్పానని నిశ్చింతగా ఊపిరి పీల్చుకున్నారు. నేను ఏమీ వద్దనలేదు. నిప్పు వేశారు, కాగాను. నాకు తెలిసిన పని అదొక్కటే. ఆ సాయంత్రం మణెమ్మ నాకు కొత్త పసుపు రాసింది. నా జీవితంలో అంత భయపెట్టిన పూజ మరొకటి లేదు.

ఏడో నెలకు ఏ చొక్కా కూడా దాచలేకపోయింది. రంగనాథం గారు గట్టిగా ఒక్కమాట అనలేదు. పుస్తకంలో ఉన్నది తన చేతిలో లేదన్నారు, నెల గడువు ఇచ్చారు, వెళ్లేటప్పుడు తన మనవడి పాత ఉయ్యాల కూడా ఇచ్చి పంపారు. ఊరి చివర రేకుల గది దొరికింది. కుర్మయ్య ఒక గోదాముకు కాపలాకు వెళ్లసాగాడు. గది ముందు రోడ్డు పక్కన నాకు తోపుడు బండి అమిరింది. సందు చివర బడి ఇప్పుడు రెండు బస్సుల దూరం. దగ్గర్లో ఏదైనా బడి చూద్దాం, కాన్పు కానీ అన్నారు.

ఆడపిల్ల పుట్టింది. ఎంత ముద్దుగా ఉంటుందో చెప్పలేను. నా కోడిపుంజును చూస్తే చాలు, కాళ్లు తపతపా కొట్టుకుని నవ్వుతుంది. ఈ పిల్ల వద్దనుకున్నారా అని మణెమ్మ ఇప్పుడు తనను తానే తిట్టుకుంటుంది. ఆ నవ్వు చూసినప్పుడు నాకూ అట్లాగే ఉంటుంది. కానీ మణెమ్మకు కాన్పు తర్వాత నడుము నిలబడలేదు. నన్ను ఎత్తలేకపోయేది. చెల్లెను ఎత్తుకోవడానికి పది రోజులు ఇంటి దగ్గర ఉండమన్నారు భవానిని.

పది రోజులు. ఆ మాట వినగానే ఎలాంటి రోజు రాబోతోందో నాకు తెలిసిపోయింది, ఎప్పుడన్నది తప్ప.

అది మొన్నటి సోమవారం. పొద్దున ఎనిమిది గంటలకు పిల్లలు సంచులతో రోడ్డు మీద పోతున్నారు. భవాని ఒక పాత రంగుడబ్బా బోర్లించి దాని మీద ఎక్కింది, లేకపోతే బండి మీది బల్ల అందదు. రెండు చేతులతో నా పిడి పట్టుకుని లేపింది. లేవలేదు. మళ్లీ లేపింది. ఎవరూ నేర్పలేదు గానీ, వేలు తడి చేసి నా అడుగున తాకించి వేడి చూసింది. మొదటి చొక్కా చేసి ముగించేసరికి ఆ పిల్ల పెదవులు కదులుతున్నాయి. చదువుతోంది. బట్టల కింద పరిచిన పాత పేపరు మీద నల్లగా కనిపించిన అక్షరాలను ఒక్కొక్కటే పైకి చదువుతోంది. మంచం మీద నుంచి ఊఁ కొట్టే చప్పుడు రాలేదు. మణెమ్మ గోడ వైపు తిరిగి పడుకుంది.

అప్పుడే ఒక పెద్దాయన చొక్కాల మూట తెచ్చాడు. డ్యూటీ నుంచి వచ్చి చాయ్ తాగుతున్న కుర్మయ్యను, పాప బడికి పోలేదా అని అడిగాడు.

కుర్మయ్య కూతురి వైపు చూడలేదు. చాయ్ గ్లాసులోకి చూస్తూ, "దానికి సదువు అబ్బలే సార్," అన్నాడు.

భవాని చదవడం ఆపేసింది. ఆ పెద్దాయన మూటలోంచి ఒక చొక్కా తీసి బల్ల మీద పరిచి, నీళ్లు చిలకరించి, నన్ను దాని మీద పెట్టింది.