ఉదాహరణ పిన్ని

ఆ పేరు ఆమెకు మాస్టారి వల్ల వచ్చింది. మార్కెట్టు వెనక సందులో చిత్తుకాగితాలు, సీసాలు, రేకుముక్కలు ఏరి అమ్ముకుని బతికే కుటుంబాల్లో ఆమెదొకటి. విలేకరుల శిక్షణ కేంద్రం నుంచి కొత్త బ్యాచ్ వచ్చినప్పుడల్లా మాస్టారు అందరినీ బస్సు దింపి, ఆమె గుమ్మం ముందు నిలబెట్టి, ‘ఉదాహరణకి ఈ పిన్నిని తీసుకోండి’ అని పాఠం మొదలుపెట్టేవాడు. బ్యాచ్‌లు మారాయి, బస్సు మారింది, మాస్టారి కళ్ళద్దాలు మందమయ్యాయి. ఉదాహరణ మాత్రం మారలేదు. చివరికి సందులోవాళ్ళు కూడా ఆమెను ఉదాహరణ పిన్ని అనే పిలవడం మొదలుపెట్టారు. అసలు పేరు రేషను కార్డు మీద ఉందని ఆమె మొగుడు చెబుతాడు గానీ ఆ కార్డు ఎవరూ చూసిన పాపాన పోలేదు.

ఆ కేంద్రం పని, అణగారినవాళ్ళ గురించి ఎలా రాయాలో కుర్ర విలేకరులకు నేర్పడం. నిజంగానే మంచి పని, నేను ఎగతాళి చెయ్యడం లేదు. అంతకుముందు వచ్చే విలేకరులు ముక్కుకి రుమాలు కట్టుకుని, నాలుగు ఫొటోలు తీసుకుని, ‘నరకకూపం’ అని రాసి చక్కా పోయేవారు. మాస్టారి శిష్యులు అలా కాదు. చెప్పులు విప్పి నేలమీద కూర్చుంటారు. మాట అడిగే ముందు అనుమతి అడుగుతారు. ‘పాపం’ అని రాస్తే మార్కులు కోతే. కాకపోతే వాళ్ళు రాసిందేదీ ఎక్కడా అచ్చు కాదు. అదంతా అభ్యాసం. మాస్టారు ఎర్రసిరాతో దిద్ది, బాగున్నవాటిని కేంద్రం గోడకి అంటిస్తాడు. ఆ గోడ మీద పిన్ని కష్టాలు నేల దగ్గర మొదలై కిటికీ పైదాకా పాకాయి.

ఆ కష్టాలన్నిటికీ మూలం సందు చివరి మరుగుదొడ్డి. మునిసిపాలిటీ వాళ్ళు కట్టించారు. నీలిరంగు తలుపు, తలుపు మీద చీరకట్టుకున్న బొమ్మ, బొమ్మ పొట్టమీద అరచేతంత తాళం. ప్రారంభోత్సవం చెయ్యాల్సిన పెద్దమనిషి ఈలోగా పదవి ఊడి ఇంటికెళ్ళాడు. తర్వాత వచ్చినాయన, వాడు కట్టించినదానికి నేను రిబ్బను కత్తిరించడమేమిటన్నాడు. ప్రారంభం కానిదాన్ని తెరవకూడదని ఆఫీసు అంది. తాళంచెవి ఎవరి దగ్గరుందో ఆఫీసుకీ తెలియదు. అమ్మ పెట్టా పెట్టదు, అడుక్కు తినా తిననివ్వదు అన్నట్టు, తెరవరు, మరొకటి కట్టరు, ఎందుకంటే కాగితాల మీద ఆ సందుకి మరుగుదొడ్డి ఉంది.

పగలగొట్టొచ్చు కదా అంటారేమో. సందులో ఏ ఇంట చూసినా ఇనుప రాడ్లే, నిజమే. కానీ మార్కెట్టులో ఎవడి తక్కెడ గుండు పోయినా పోలీసులు ముందు వచ్చేది ఆ సందుకే. పాత ఇనుము ఏరుకునేవాడు సర్కారు తాళం మీద చెయ్యి వేస్తే ఇంకేమైనా ఉందా? పిన్ని కొడుకుని ఒకసారి, తనది కాని సైకిలు చక్రం కోసం, స్టేషనులో కూర్చోబెట్టి పంపారు. చక్రం అసలువాడి ఇంట్లోనే దొరికింది. అప్పట్నుంచి ఆ తాళం దగ్గరికి ఎవరైనా పిల్లలు వెళ్ళినా పెద్దవాళ్ళు కేకేసి వెనక్కి పిలుస్తారు.

అందుకని ఆడవాళ్ళు చీకట్లోనే రైలు పట్టాల దగ్గరికి వెళ్ళి రావాలి. ఈ సంగతి పిన్ని చెబితే వినాలి. ఎక్కడ గొంతు తగ్గించాలో, ఎక్కడ ఆగి నీలి తలుపు వైపు చూడాలో ఆమెకు తెలుసు. ఆమె ఆగితే కుర్రవాళ్ళ పెన్నులు ఆగిపోయేవి. ఒక బ్యాచ్‌కి ఆ మరుగుదొడ్డి లోపల నేలంతా తెల్లటి పలకలు పరిచారని కూడా చెప్పింది. ఎందుకు చెప్పిందో ఆమెకే తెలియదు, ఏదో నోటికొచ్చింది. ఆ బ్యాచ్ రాసింది గోడకెక్కింది, తర్వాతి బ్యాచ్ దాన్ని చదువుకుని వచ్చి తెల్ల పలకల గురించి చెప్పమని పిన్నినే అడిగింది, దాంతో ఆమె కూడా నమ్మేసింది. పక్కన సీసాలు వేరుచేస్తూ వినే మొగుడు, “నీతోనే కాపురం చేస్తున్నా, నీ కష్టం వింటుంటే నాకే కొత్తగా ఉంటుందే” అనేవాడు. చెప్పడం ఆమెకి ఇష్టం. దాచడమెందుకు, తన మాట రాసుకునేవాళ్ళుంటే ఎవరికి ఇష్టం ఉండదు?

కోడలికి నెలలు నిండేదాకా అంతా అలాగే నడిచింది.

కోడలు నెమ్మదైన పిల్ల. ఆసుపత్రిలో నర్సమ్మ పొట్ట తడిమి చూసి, ఉమ్మనీరు తగ్గిపోతోంది, రోజంతా నీళ్ళు తాగకపోతే బిడ్డకే ముప్పు అని గట్టిగా చెప్పింది. ఆ పిల్ల తలూపి వచ్చింది. తలూపడం తేలికే. పగలు నీళ్ళు తాగితే పగలే వెళ్ళాలి, పగలు ఎక్కడికి వెళ్తుంది? అందుకని ఎండిన పెదాలు నాలుకతో తడుపుకుంటూ పొద్దు గడిపేది. మొగుడు చెప్పినా, మామ చెప్పినా తాగేది కాదు. గ్లాసు చేతిలో పట్టుకుని కూర్చునేది, ఎవరూ చూడనప్పుడు తిరిగి కుండలో పోసేది. అది చూసి పిన్నికి భయం పట్టుకుంది. అన్నాళ్ళూ చెబుతున్న కష్టం అప్పుడే కొత్తగా ఇంట్లోకి వచ్చినట్టు ఆమెకు తిండి సయించలేదు.

ఆ భయంతోనే మాస్టారి దగ్గరికి వెళ్ళింది. గోడకి అంటించినవాటిలో ఏదో ఒకటి, ఒక్కటంటే ఒక్కటి, నిజం పేపర్లో వేయించమని అడిగింది. మాస్టారు విలవిల్లాడిపోయాడు. చెడ్డవాడు కాదు. అభ్యాస వార్త బయటికి ఇవ్వకూడదన్నది కేంద్రం మొదటి నియమమని, ఆ నియమం తానే రాశానని చెప్పాడు. ఆ తర్వాత ఉండబట్టలేక అసలు మాట బయటపెట్టాడు.

“పిన్నీ, ఇలాంటి అంశం మళ్ళీ దొరకదమ్మా. ఆడవాళ్ళున్నారు, ఆరోగ్యం ఉంది, ఆఫీసుంది, తాళం ఉంది. అది కాస్తా తెరిచేస్తే వచ్చే బ్యాచ్‌కి నేనేం చూపించాలి?”

అన్న మాట తన చెవిన పడ్డాక ఆయన మొహం పాలిపోయింది. గబగబా టీ తెప్పించాడు. పిన్ని ఆ టీ తాగుతూ, గోడ మీద అతికించిన వచ్చే వారం కార్యక్రమం వైపు చూసి, అదేమిటని అడిగింది. చివరి పరీక్షట. కలిసి బతికే రోజట. పొద్దున్నుంచి సాయంత్రందాకా బస్సు ఉండదు, సందు దాటి పోకూడదు, కుర్రవాళ్ళు సందులోవాళ్ళు తినేదే తిని, తాగేదే తాగి, వాళ్ళలాగే గడపాలట. పిన్ని టీ పూర్తిగా తాగి, గ్లాసు కింద పెట్టి, మంచి పరీక్షే పెట్టారు మాస్టారూ అంది.

పరీక్ష రోజు పొద్దున్నే కోడలి ముందు నీళ్ళ చెంబు పెట్టింది. “ఇవాళ కడుపునిండా తాగు. మధ్యాహ్నానికి తాళం తెరుచుకుంటుంది. నాది పూచీ.” ఎలా తెరుచుకుంటుందని ఆ పిల్ల అడగలేదు. అత్త మొహంలోకి ఒకసారి చూసి, చెంబెత్తి గటగటా తాగేసింది. ఎన్నాళ్ళ దాహమో, కింద పెట్టకుండా తాగింది. తాళం తెరుచుకోకపోతే ఏం చెయ్యాలన్నది పిన్ని ఆలోచించలేదు.

ఎండ మండిపోతోంది. పిల్ల విలేకరులు మెళ్ళో పట్టీలతో, పట్టీలకి ‘ప్రెస్’ అన్న కార్డులతో, మాస్టారితో సహా దిగారు. పిన్ని నీళ్ళిచ్చింది. కాసేపాగి టీ ఇచ్చింది. మళ్ళీ నీళ్ళిచ్చింది. సీసాలు ఏరేచోట ఒకసారి, కాగితాలు కట్టలు కట్టేచోట ఒకసారి, ఊరికే కూర్చున్నచోట మరోసారి. పేదవాళ్ళు ప్రేమగా ఇచ్చింది కాదనడం వాళ్ళను అవమానించడమేనని మాస్టారి పాఠం. కాబట్టి ఎవ్వరూ కాదనలేదు. మాస్టారు అందరికన్నా ముందే గ్లాసు చాపాడు. ఆయనకి చక్కెర జబ్బు ఉందన్న సంగతి పిన్నికి అన్నేళ్ళ పరిచయంలో తెలియంది కాదు.

ముందు లావుపాటి కుర్రాడు రాయడం మానేసి లేచి నిలబడ్డాడు. తర్వాత కళ్ళజోడు పిల్ల ఒక కాలి మీదినుంచి ఇంకో కాలి మీదికి మారసాగింది. చివరికి ఆ పిల్లే పిన్ని పక్కకి వచ్చి, ఎక్కడా నొప్పించే మాట రాకుండా, ఈ అవసరానికి ఇక్కడివాళ్ళు పగటిపూట ఎటు వెళ్తుంటారని ఎంతో గౌరవంగా అడిగింది. పగటిపూట ఎటూ వెళ్ళరని పిన్ని అంతకన్నా గౌరవంగా చెప్పింది. ఆ జవాబు ఆ పిల్ల అప్పటికే రెండుసార్లు రాసుకుని ఉంది, కానీ ఇప్పుడు విన్నంత శ్రద్ధగా ఎప్పుడూ వినలేదు.

కాసేపట్లో బ్యాచ్ బ్యాచంతా నీలి తలుపు ముందు చేరింది. అక్కడ గోడకి ఒక ఇనుప రాడ్డు ఆనించి ఉంది. దాన్ని అక్కడ ఎవరు పెట్టారో నేను చెప్పక్కర్లేదు. కార్డున్నవాళ్ళు పగలగొడితే అది దొంగతనం కాదు, ఇదీ పిన్ని లెక్క. ఇక చెయ్యెత్తి ఒక్క దెబ్బ వెయ్యడమే మిగిలింది.

వాళ్ళు చర్చ పెట్టారు.

విలేకరి వార్తని చూడాలే తప్ప తానే వార్త చెయ్యకూడదు కదా అని ఒకడు లేవదీశాడు. ఇప్పుడు మనమూ బాధితులమే అన్నాడు లావుపాటి కుర్రాడు, నుదుటి మీద చెమట తుడుచుకుంటూ. బాధితులం అయితే మరి ఈ వార్త మనం రాయడానికి పనికిరామని ఇంకొకడు. అందరి కాళ్ళూ మెలికలు పడి ఉన్నాయి, అయినా ఎవ్వరూ మరొకరి మాటకి అడ్డురాలేదు, అంత మంచి శిక్షణ. మాస్టారు అధ్యక్షత వహించాల్సి వచ్చింది. ముందు నుయ్యి, వెనుక గొయ్యి. తెరిస్తే ఆయన పాఠం పోతుంది, తెరవకపోతే పరువు పోతుంది. కళ్ళు మూసుకుని, పళ్ళు బిగబట్టి, ఓటు పెట్టాడు. అదృష్టవశాత్తూ చేతులెత్తడానికి కాళ్ళు కదపక్కర్లేదు. సందువాళ్ళ అంగీకారం రాతపూర్వకంగా తీసుకోవాలన్న సవరణతో తీర్మానం నెగ్గింది.

“ముందు కొట్టండి బాబూ. సంతకం కూర్చుని తీరిగ్గా పెడతా,” అంది పిన్ని. ఇంటి అరుగు మీద కోడలు గోడ పట్టుకుని నిలబడి ఉంది. పిన్ని అటు చూడలేకపోయింది.

మాస్టారే రాడ్డు అందుకున్నాడు. మొదటి దెబ్బకి తాళం కదల్లేదు గానీ సందు మొదట్లో ఉండే పోలీసాయన పరుగెత్తుకొచ్చాడు. వస్తూనే లాఠీ పిన్ని మొగుడి మీదికి లేచింది, అతను దూరంగా సీసాల మధ్య కూర్చునే ఉన్నాడు. అంతలో మాస్టారి మెళ్ళో కార్డు కనబడింది. లాఠీ కిందికి దిగింది. ఏ పేపరండీ అని అడిగి, జవాబు రాకముందే, మీకెందుకండీ శ్రమ అంటూ పోలీసాయన తాళాన్ని తన రెండు చేతులతో ఒడుపుగా పట్టుకున్నాడు. అదే రాడ్డు పిన్ని కొడుకు చేతిలో ఉంటే ఈపాటికి వాడి వీపు ఏమయ్యేదో అందరికీ తెలుసు. లావుపాటి కుర్రాడు మాస్టారి చేతిలోంచి రాడ్డు లాక్కుని ఒక్కటిచ్చాడు. తాళం ఊడి పడింది.

తలుపు తెరిచారు. లోపల మరుగుదొడ్డి లేదు.

పలకల్లేవు. గొట్టం లేదు, గుంట లేదు, కుళాయి లేదు. నాలుగు గోడలు, పైన ఆకాశం, కింద ఇసక. ఓ మూల గుడ్డ చుట్టిన రాతిపలక ఒకటి గోడకి చేరగిలబెట్టి ఉంది. గుడ్డ ఊడిన మేర, ప్రారంభించినట్టుగా ఆ పాత పెద్దమనిషి పేరు బంగారు అక్షరాల్లో మెరుస్తోంది. ఆలూ లేదు, చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం అంటారు చూడండి, అదీ వరస.

తాళం ఎంత పెద్దది, తుప్పు ఎప్పుడు పట్టింది, దాన్ని చూస్తే మనసుకెలా ఉంటుంది, ఇవన్నీ బ్యాచ్‌ల తరబడి అడిగారు. తలుపు వెనక నిజంగా ఏముందో చూద్దామని ఒక్కరూ అనలేదు. గోడెక్కి తొంగిచూసినా తెలిసేది. కళ్ళజోడు పిల్ల తన రాతలకేసి చూసుకుని తలవంచుకుంది. మాస్టారు గుమ్మం ముందు నేల మీద చతికిలబడ్డాడు. పిన్నికి మాత్రం పట్టరాని కోపం వచ్చింది. ఆఫీసు మీదా, మాస్టారి మీదా, అన్నిటికన్నా ఎక్కువ తన మీదా. లేనిదానికి తెల్ల పలకలు పరిచింది తనే. దాన్ని నమ్మి, నీళ్ళు తాగమని ఆ పిల్లకి పూచీ పడింది తనే.

“ఇది… ఇది అసలైన వార్త,” అన్నాడు మాస్టారు మెల్లగా. ఆ మాట వినగానే, అంత అవస్థలోనూ, పెన్నులన్నీ ఒక్కసారి పైకి లేచాయి.

అప్పటికి కోడలు వచ్చేసింది. ఒక చెయ్యి నడుం మీద, ఒక చెయ్యి గోడమీద, అడుగు తీసి అడుగు వేస్తూ. జనం దారి ఇచ్చారు. పిన్ని ఎదురెళ్ళి, లోపలేం లేదే తల్లీ, నేనే నిన్ను ముంచానే అనబోయింది. ఆ పిల్ల గుమ్మంలో నిలబడి లోపలికి చూసింది. నాలుగు పక్కలా చూసింది.

“గోడలున్నాయిగా అత్తయ్యా,” అంది.

లోపలికి వెళ్ళి తలుపు లాక్కుంది. లోపలివైపు గడియ పెట్టనేలేదు కట్టినవాళ్ళు, తలుపు మళ్ళీ తెరుచుకుంది. పిన్ని దాన్ని మూసి, దానికి వీపు ఆనించి, రెండు కాళ్ళూ నేలకి తన్నిపెట్టి నిలబడింది. ఎదురుగా పెన్నులు, కార్డులు, మాస్టారు, పోలీసాయన. అందరూ ఆమె ఏం చెబుతుందా అని చూస్తున్నారు.

“అందరూ అటు తిరగండి,” అంది.

తిరిగారు. మాస్టారు కూడా లేచి, దుమ్ము దులుపుకుని, తిరిగాడు. సందంతా వీపులే. తలుపు వెనక ఇసక మీద చప్పుడు మొదలై, అంతలోనే సిగ్గుతో ఆగిపోయింది. పిన్ని కళ్ళ వెంట నీళ్ళు ధారకట్టాయి. తల కాస్త వెనక్కి వాల్చి, చెక్కకి నోరు దగ్గరగా పెట్టింది.

“తొందరేం లేదమ్మా. నిదానంగా కానీ. నేనిక్కడే ఉన్నా.”

చప్పుడు మళ్ళీ మొదలైంది.