నీళ్లు చల్లారేదాకా

పొద్దున్నే మహాలక్ష్మమ్మ ఇసుక మీద ఎండుచేపలు తిరగేస్తోంది. కోడూరు బస్సు దిగి ఇద్దరు ఆడవాళ్లు గట్టు మీదుగా నడిచొచ్చారు. పెద్దావిడ రావమ్మ, గుడివాడలో వడ్ల వ్యాపారస్తుల ఇల్లాలు. పక్కనున్నది ఆమె పెంచిన పిల్ల ఇంద్రజ. డిగ్రీ చదువుతోంది.

"ఉప్పెనప్పుడు మీకో పాప తప్పిపోయిందట కదండీ," అంది ఇంద్రజ. "ఆ పాప నేనేమో చూస్తారా?"

మహాలక్ష్మమ్మ చేతులకంటిన ఇసుక దులుపుకుని లేచింది. పొయ్యి రాజేసింది. తన తల్లోంచి ఒక వెంట్రుక, పిల్ల తల్లోంచి ఒకటి తీసి మరిగే నీళ్లలో వేసి గిన్నె దించింది. ఉప్పెన ఏడు చెల్లాచెదురైన వాళ్లను ఆ ఊళ్లో అలాగే కలిపారు. నీళ్లు నిదానంగా చల్లారితే తల్లీబిడ్డల వెంట్రుకలు ఒకదాన్నొకటి వెతుక్కుని పురితాడులా పెనవేసుకుంటాయి. తొందరపడి చన్నీళ్లు పోస్తే మాత్రం సొంత తల్లీబిడ్డలవైనా దేనికవే ఉండిపోతాయి. ఆ జత ఇక కలవదు.

"కాలేజీలో డి.ఎన్.ఏ. గురించి ఇలాగే చెప్పారండీ," అంది ఇంద్రజ. "వేడికి విడిపోయిన రెండు పోగులు మెల్లగా చల్లారితే తమ జతను తామే పట్టుకుంటాయట." రావమ్మను చూపిస్తూ అంది: "ఇవి కలిస్తే ఇక్కడే ఉండిపోతాను. ఈమె మొహం మళ్లీ చూడను. తుఫాను కాంపులో ఎవరో తల్లి ఏడుస్తూ వెతుక్కుంటుంటే, విని కూడా నన్ను కొంగు కింద దాచి తీసుకెళ్లిపోయిందట."

రావమ్మ కాదనలేదు. మహాలక్ష్మమ్మ పొయ్యిలో కట్టెను విసురుగా బయటికి లాగింది. ఆ కాంపులో గొంతు పోయేదాకా అరిచింది తనే. గిన్నెలోకి చూసింది. నల్లదీ నెరిసిందీ మెల్లగా దగ్గరికి జరుగుతున్నాయి.

అంతలో రావమ్మకు ఆయాసం వచ్చింది. ఇంద్రజ గబుక్కున వెళ్లి ఆమె వీపు నిమిరింది.

"పొద్దున మాత్ర వేసుకోలేదా అమ్మా? చెప్తే వినవు కదా," అని విసుక్కుంటూ సంచిలో వెతికింది.

తన మీద అలా విసుక్కునేవాళ్లు మహాలక్ష్మమ్మకు ఎవరూ మిగల్లేదు. పక్కనున్న చెంబు అందుకుని చన్నీళ్లు గిన్నెలో వంచేసింది. ఇంద్రజ ఇటు తిరగలేదు. రావమ్మ చూసింది. ఇంద్రజ ఇచ్చిన మాత్ర మింగింది.

పిల్ల వచ్చి చూసేసరికి వెంట్రుకలు దేనికదే తేలుతున్నాయి.

"మీకు శ్రమ ఇచ్చానండీ," అంది తల దించుకుని. "పక్క ఊళ్లలో కూడా అడగాలి."

"అడగమాక తల్లీ," అంది మహాలక్ష్మమ్మ. "మీ అమ్మ ఆ నీళ్లలోనే పోయుంటుంది."

ఇంద్రజ నిలబడే ఏడ్చింది. తర్వాత రావమ్మ చెయ్యి పట్టుకుని, జాగ్రత్తగా గట్టెక్కించింది.