ఫ్యాను కింద నీలం

ఫ్యాను తిరగడం లేదు.

దాని కింద, నేల మీద పరిచిన తెల్ల దుప్పటి నిండా — నీలం. ఎండిన పూరేకుల నీలం. గట్టిగా తుమ్మితే గది దాటిపోయే నీలం.

"ఈ కొంపలో పూలకున్న మర్యాద మనుషులకి లేదు," అంది అత్తగారు, మడిచిన పేపరుతో విసురుకుంటూ. అదీ గోడవైపు తిరిగి. గాలి దుప్పటికి తగలకుండా.

"రెండు నిమిషాలు వేసుకుంటే ఏం మునిగిపోతుంది?" అన్నాడు భర్త, చొక్కా బొత్తాలు విప్పుకుంటూ.

"మొన్న నువ్వు వేస్తే బీరువా వెనకాల నుంచి ఏరుకొచ్చాం నాన్నా," అంది కూతురు. "నా పుస్తకాల్లోంచి ఇంకా రాలుతూనే ఉన్నాయి."

దుప్పటి అంచున కూర్చున్న కోడలు తలెత్తకుండా ఏరుతూనే ఉంది.

చిన్న పట్టకారు. ఒక రేకు. ఇంకో రేకు. నీలంగా ఉన్నవి సంచీలోకి. వెలిసినవి డబ్బాలోకి.

నీలం… వెలిసింది… నీలం…

ఎక్కడో చలిదేశాల ధాన్యపు చేలల్లో తనంత తాను మొలిచే పువ్వట అది. ఎవరూ నాటరు. కలుపని పీకేస్తారు. ఆ పీకేసిన పువ్వునే ఎవరో మరిగించి, ఆ నీళ్ళు కళ్ళకి చలవ అన్నారు. ఇప్పుడది కళ్ళ కింద రాసుకునే క్రీములో పడుతుంది. ఏరడానికి కంపెనీ సంచులు ఇళ్ళకి వస్తాయి. మూత మీద నీలిపువ్వు బొమ్మ ఉన్న సీసా ఒకటి వాళ్ళే ఇచ్చారు. అత్తగారు ముట్టుకోలేదు. పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదు కదా.

ఆమె మాత్రం మధ్యాహ్నాలు, పని మధ్యలో, కాస్త రాసుకుంటుంది. చల్లగా ఉంటుంది. కంటి చుట్టూ చల్లగా ఉంటుంది.

కంటి లోపలికి ఆ చల్లదనం రాదు.

ఎండలు ముదిరినప్పటి నుంచి నీలానికీ వెలిసినదానికీ మధ్య గీత చెరిగిపోయింది. అన్నీ ఒకటే బూడిదరంగు. ఆమె ఎవరికీ చెప్పలేదు. చెబితే సంచులు ఆగిపోతాయి. ఈ ఇంటికి తన పేరు మీద వచ్చేవి ఆ సంచులొక్కటే.

అందుకే ఊహించి ఏరుతోంది. తెలియని ఇంట్లో, చీకట్లో, మెట్లు దిగినట్టు…

నేడో రేపో తిప్పి పంపుతారనుకుంది. ఒక్క సంచీ తిరిగి రాలేదు. పైగా కంపెనీ సూపర్‌వైజరమ్మ ఫోన్ చేసి, "మీ ఏరుడు ముందు ఎవరిదీ నిలవదమ్మా," అంది.

ఎలా?

ఈ ఉదయం తెలిసింది.

పాలవాడు రాకముందే మెలకువ వచ్చింది. ముందు గదిలో లైటు. దుప్పటి పక్కన అత్తగారు, తన కళ్ళజోడు మీద కొడుకు కళ్ళజోడు కూడా తగిలించుకుని, కోడలు కట్టిన సంచీ విప్పి మళ్ళీ ఏరుతోంది. మెడ మీద చెమట. ముక్కు మీద చెమట. ఫ్యాను స్విచ్చి చేతికందేంత దూరంలోనే ఉంది.

వేయలేదు.

చూసేవాళ్ళు లేరు. అడిగేవాళ్ళు లేరు. అయినా వేయలేదు.

ఆమె గుమ్మం దగ్గరే ఆగి, వచ్చినట్టే వెనక్కి వెళ్ళి, తలగడలో ముఖం దాచుకుంది. కళ్ళు మండాయి. ఆ మంటకి ఏ పువ్వూ లేదు.

ఇప్పుడు సాయంత్రం. పోట్లాట ఇంకా నడుస్తూనే ఉంది. అదే పేపరు. అదే గోడ.

"ఊళ్ళోవాళ్ళ కళ్ళు చల్లబడతాయో లేదో గానీ, నా ఒళ్ళు మాత్రం ఉడికిపోయిందిరా," అంది అత్తగారు.

ఆమె పట్టకారు కింద పెట్టింది.

"ఈ సంచీతో ఆపేస్తున్నా." ఎవరి వైపూ చూడలేదు. గొంతు పెంచలేదు. "రేపు కళ్ళ డాక్టరు దగ్గరికి వెళ్తా. నాకు రంగులు తెలీడం లేదు. ఎన్నాళ్ళని అత్తయ్య నిద్ర పాడుచేసుకుంటారు?"

పేపరు ఆగింది.

కూతురు తలెత్తింది. భర్త ఒకసారి తల్లిని చూశాడు. ఒకసారి భార్యని చూశాడు. లేచి వెళ్ళి స్విచ్చి మీద చెయ్యి వేశాడు.

"చెయ్యి తియ్యరా," అంది అత్తగారు. "సంచీ అవనీ."

మోకాళ్ళు పట్టుకుని నెమ్మదిగా దిగి, దుప్పటి అవతలి అంచున కూర్చుంది. కొడుకు కళ్ళజోడు కోసం చెయ్యి చాచింది.

ఒక రేకు. ఇంకో రేకు.

నీలం… కాదు… నీలమేనేమో…

ఫ్యాను తిరగడం లేదు.